సిలబస్‌లో పాత పేర్లు మార్పించడానికి నేను పడ్డ పాట్లు: నా అనుభవం

మా యూనివర్సిటీ ఎం.ఏ. సైకాలజీలో బాల్య మానసిక ఆరోగ్యం పేపర్ నేనే చెబుతాను. దాని కొత్త సిలబస్ మొన్ననే అకడమిక్ కౌన్సిల్‌లో పాసైంది. ఇదే పని నెత్తినేసుకున్న లెక్చరర్లు వేరే చోట్లా ఉంటారు కాబట్టి, అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను.

మా పాత సిలబస్ 1994 నాటి డి.ఎస్.ఎం.-4 చూసి తయారుచేసింది (మానసిక సమస్యల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం అది). మొదటి యూనిట్ పేరు 'బాల్య మానసిక రోగాలు', అందులో మొట్టమొదటి అంశం 'మెంటల్ రిటార్డేషన్', అంటే బుద్ధిమాంద్యం. ఆటిజం ఒకచోట, దానికి దగ్గరిదే అయిన ఆస్పర్జర్స్ ఇంకోచోట. 2013లో డి.ఎస్.ఎం.-5 వచ్చినప్పుడే ఆ రెండూ ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్‌లో కలిసిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల వర్గీకరణ ఐ.సి.డి.-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. మన దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే 'ఇంటలెక్చువల్ డిజబిలిటీ' (మేధో వైకల్యం) అంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ కూడా 'మెంటల్లీ హ్యాండికాప్డ్' అన్న పాత పేరు వదిలేసి, 'ఇంటలెక్చువల్ డిజబిలిటీస్' అన్న మాటతో ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అయింది. మా క్లాసులో మాత్రం పిల్లలు పాత మాటలే బట్టీపట్టి, వాటితోనే ఇంటర్న్‌షిప్‌కి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకీ జిల్లా ఆసుపత్రులకీ వెళ్తున్నారు.

నిరుడు మా విద్యార్థిని ఒకామె, సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) కోసం బాబుని తీసుకొచ్చిన తల్లిదండ్రుల ముందు కేస్ షీట్‌లో 'ఎం.ఆర్.' అని, అంటే మెంటల్ రిటార్డేషన్ అని పొట్టిగా రాసింది. ఆ తండ్రి అక్కడే ఫోన్‌లో దానర్థం వెతికాడు. తర్వాత ఇంకేమీ అడగలేదట, కాగితాలు సర్దుకుని బాబుని ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఆ అమ్మాయికి ఆ మాట నేర్పింది మా సిలబస్. ఇక ఊరుకోకూడదనుకున్నాను.

డిపార్ట్‌మెంట్ కమిటీలో సంతకాలు ఒక పూటలో అయిపోయాయి. డీన్ గారూ ఏమీ అడక్కుండా పంపేశారు. అసలు కథంతా సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో.

బయటినుంచి వచ్చిన సభ్యుల్లో రిటైరైన ప్రొఫెసర్ ఒకాయన ఉన్నారు. నా కాగితం సగం కూడా చదవకుండా పక్కన పెట్టి, "ఏమ్మా, నీ సర్వీసెంత?" అన్నారు. చెప్పాను. "పేర్లు మార్చేస్తే పిల్లలు బాగుపడిపోతారా?" అన్నారు. నేను జవాబు మొదలుపెట్టేలోపే, "2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మెంటల్ రిటార్డేషన్ అనే ఉంది. పార్లమెంటుకి తెలియనిది నీకు తెలుసా? ఆ చట్టం ఎప్పుడైనా తెరిచి చూశావా?" అని అందరివైపూ తిరిగి నవ్వారు. కొందరు ఆయనతో పాటు నవ్వారు. నా జూనియర్లు ఇద్దరు అదే గదిలో కూర్చుని ఉన్నారు. నన్ను మాట్లాడనివ్వలేదు, తర్వాతి అంశంలోకి వెళ్లిపోయారు. మినిట్స్‌లో 'వాయిదా' అని ఒక్క ముక్క.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ చట్టం నేను చదివాను. రెండో సెక్షన్‌లో ఆ మాట ఉన్న సంగతి నిజమే. కానీ ఏ సందర్భంలో ఉంది? మానసిక రోగమంటే ఏమిటో నిర్వచిస్తూ, మెంటల్ రిటార్డేషన్ ఇందులోకి రాదని చెప్పడానికి ఉంది. అంటే ఆయన నా మీదికి విసిరిన ఆ చట్టం ప్రకారమే, ఆ అంశాన్ని 'బాల్య మానసిక రోగాలు' అన్న యూనిట్‌లో పెట్టడం తప్పు. సభలో పెద్దగొంతు ఉన్నవాళ్లు అరముక్క చదివి, పూర్తిగా చదివినవాళ్ల నోరు మూయించడం మన యూనివర్సిటీల్లో చాలాకాలంగా నడుస్తున్న జబ్బు. వయసుకి గౌరవం ఇవ్వాల్సిందే. దానికోసం పాఠంలో తప్పు అలాగే ఉంచాలా?

తర్వాతి మీటింగ్‌కి మూడు గడుల పట్టిక చేసుకుని వెళ్లాను: పాత మాట, కొత్త మాట, ఆధారం. రెండు చట్టాల్లోనూ సంబంధించిన పేజీలు జిరాక్స్ తీయించి, ఆ వాక్యాలకి రంగు వేసి, ఒక్కొక్కరి ముందూ పెట్టాను. మార్పు పేర్లతో ఆగదని కూడా రాశాను. డి.ఎస్.ఎం.-5లో తీవ్రతని ఐక్యూ అంకెతో కాకుండా, పిల్లవాడు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలడో చూసి నిర్ణయిస్తారు. ఏ.డి.హెచ్.డి. (కుదురుగా ఉండలేకపోవడం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం) లక్షణాలు ఏడేళ్లలోపే కనిపించాలన్న షరతు పన్నెండేళ్లకి మారింది. ఇంట్లో గలగలా మాట్లాడి బడిలో నోరు విప్పని పిల్లల సంగతి అంతకుముందున్న ఐ.సి.డి.-10లో 'ఎలెక్టివ్ మ్యూటిజం', అంటే కావాలని మాట్లాడనట్టు. ఐ.సి.డి.-11లో అది 'సెలెక్టివ్ మ్యూటిజం' అయి, ఆందోళన రుగ్మతల్లోకి వెళ్లింది. మొండితనమనుకునే టీచరు బెత్తం తీస్తాడు, భయమని తెలిసిన టీచరు ఆగుతాడు. ఇది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరిగింది, పెరగనీ అనుకున్నాను.

సభ్యుల్లో ఉన్న సైకియాట్రిస్ట్ గారు రెండో సెక్షన్ పైకి చదివి, "మేడమ్ చెప్పింది కరెక్టే" అన్నారు. పెద్దాయన మళ్లీ మాట్లాడలేదు. నా నోట్ యథాతథంగా మినిట్స్‌లో చేర్చారు. నాకది గర్వంగానే ఉంది, దాచుకోను.

అంతటితో అయిపోలేదు. అకడమిక్ సెక్షన్‌లో టైపు చేసే ఆయన నా పట్టిక పక్కన పడేసి, కంప్యూటర్‌లో 'రిటార్డేషన్' అన్న మాట ఎక్కడుంటే అక్కడ 'ఇంటలెక్చువల్ డిజబిలిటీ' అని ఒక్క దెబ్బలో మార్చేశాడు. ప్రూఫ్ చూద్దును కదా, 'మెంటల్' అలాగే ఉండిపోయి 'మెంటల్ ఇంటలెక్చువల్ డిజబిలిటీ' అయింది. గర్భంలో బిడ్డ ఎదుగుదల తగ్గడాన్ని చెప్పే 'గ్రోత్ రిటార్డేషన్' కాస్తా 'గ్రోత్ ఇంటలెక్చువల్ డిజబిలిటీ' అయింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం పేరులో ఆ పాత మాట ఉంది, చట్టం పేరు మనం మార్చకూడదు, అదీ మార్చేశాడు. అడిగితే, "మీరే కదా మేడమ్ మార్చమన్నారు" అన్నాడు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, లైను లైనూ నేనే దిద్దించాను.

కాబట్టి ఫైల్ ఆ సెక్షన్‌కి ఇచ్చాక ఫోన్లు నమ్ముకోకండి, మనిషి వెళ్లాల్సిందే. ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోకుండా కాగితం ఇవ్వకండి. మీటింగ్‌లో పిల్లల మనసు గురించి మొదట మాట్లాడితే ఎవరూ వినరు. ముందు చట్టం చూపించండి, పిల్లల మాట తర్వాత చెప్పండి.

పరీక్షల విభాగం సంగతి వేరే. పాత బ్యాచ్‌ల సప్లిమెంటరీలు ఇంకా పాత సిలబస్‌తోనే నడుస్తాయి, క్వశ్చన్ పేపర్ బయటివాళ్లు సెట్ చేస్తారు. అందుకని కొత్త మాటతో రాసిన జవాబుకి మార్కులు తగ్గించవద్దని వాల్యుయేషన్ సూచనల్లో చేర్చమని లెటర్ పెట్టాను. సంతకమై వచ్చింది. ఆ కాపీ క్లాసులో అందరికీ ఇచ్చాను.