తొమ్మిదిన్నర గంటల లాగిన్

నా బల్ల సొరుగులో ఒక రూళ్ళ నోటుపుస్తకం ఉంది. ప్రతి పేజీలోనూ మూడే గడులు: తేదీ, సమయం, ఒక ఉద్యోగి పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కినప్పటి నుంచి ఎక్సెల్ తెరుచుకుని మొదటి గడిలో కర్సర్ నిలిచేదాకా పట్టిన సెకన్లు. మొదటి పేజీలో, 2020 ఆగస్టులో ఒక సోమవారం ఉదయం 9.34కి, 372 అని రాసి ఉంది. అదే వారం ఆదివారం మధ్యాహ్నం నేను ఒక్కడినే లాగిన్ అయినప్పుడు 41. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవడానికి నాకు ఇంచుమించు ఏడాది పట్టింది. వర్చువల్ డెస్క్‌టాప్‌ల గురించి నాకు గట్టిగా తెలిసినదంతా ఆ ఏడాదిలో తెలుసుకున్నదే.

మాది హైదరాబాదులో ప్రధాన కార్యాలయం, విజయవాడలోనూ విశాఖపట్నంలోనూ శాఖలు ఉన్న, 180 మంది పనిచేసే సంస్థ. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యే నాటికి మేము కూడా కార్యాలయంలోని సీపీయూలను ఆటోల్లో, సొంత కార్లలో ఉద్యోగుల ఇళ్ళకు చేర్చి, వీపీఎన్ ఇచ్చి, హమ్మయ్య అనుకున్నాము. రెండు నెలలు తిరగకుండానే సీపీయూ పాడైందని ఒకరు, ఇంట్లో పిల్లల ఆన్‌లైన్ తరగతికి అదే కంప్యూటర్ వాడుతున్నామని మరొకరు చెప్పడం మొదలైంది. సంస్థ ఫైళ్ళు ఎన్ని ఇళ్ళలో ఎన్ని డిస్కుల మీద ఉన్నాయో చెప్పలేని స్థితి వచ్చింది. అప్పుడు యాజమాన్యం వీడీఐ, అంటే వర్చువల్ డెస్క్‌టాప్‌ల పద్ధతి, పెట్టమంది. ప్రతి ఉద్యోగికీ సర్వర్ గదిలో ఒక విండోస్ 10 వర్చువల్ యంత్రం నడుస్తుంది, ఇంటికి కేవలం తెర బొమ్మ వెళుతుంది, అక్కడి నుంచి కీబోర్డు, మౌస్ కదలికలు మాత్రమే తిరిగి వస్తాయి. యంత్రాలన్నీ గోల్డెన్ ఇమేజ్ అనే ఒకే మూల నమూనా నుంచి పుడతాయి కనుక, రాత్రి నేను ఆ ఒక్క ఇమేజ్‌కు ప్యాచ్ వేస్తే ఉదయానికి 180 యంత్రాలకూ వేసినట్టే. ప్రదర్శన నాడు పది మందితో చూపించినప్పుడు అందరూ మెచ్చుకున్నారు.

పది మందితో చూపించడమే పొరపాటు. పెళ్ళిలో వంట ఎంత బాగున్నా, మూడు వందల మంది ఒకేసారి మొదటి బంతికి కూర్చుంటే వడ్డించేవాళ్ళ సంగతి తేలిపోతుంది. మా సర్వర్లలో మొదటి బంతి సరిగ్గా తొమ్మిదిన్నరకు. స్టోరేజిలో 10 వేల ఆర్‌పీఎం హార్డ్ డిస్కులు పది ఉండేవి, ఒక్కొక్కటి సెకనుకు దాదాపు 140 చదువు-రాత పనులు చేయగలదు కాబట్టి మొత్తం 1,400 అని నేను లెక్క వేసుకున్నాను. అయితే వాటిని ఒక డిస్కు పాడైనా డేటా పోకుండా కాపాడే రెయిడ్ 5 పద్ధతిలో కట్టాము, రెయిడ్ 5లో ఒక చిన్న రాతకు పాత డేటాను, పాత ప్యారిటీని (పోయిన డేటాను తిరిగి లెక్కగట్టడానికి దాచే అదనపు సమాచారాన్ని) చదివి, కొత్తవి రెండూ రాయాలి కనుక ఒక రాత నాలుగు పనులవుతుంది. అంటే రాతల వరకు చూస్తే మా 1,400 కాస్తా 350కి దిగిపోతుంది. వర్చువల్ డెస్క్‌టాప్‌ల దగ్గర చదవడం కంటే రాయడమే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే చదివేదంతా ఒకే ఇమేజ్ కాబట్టి అది క్యాష్ అనే వేగమైన తాత్కాలిక నిల్వలోకి ఎక్కేస్తుంది, రాసేది మాత్రం ఎవరిది వారిదే. లాగిన్ వేళ ఒక్కో యంత్రం సెకనుకు 60 దాకా అడగడం నేను కళ్ళారా చూశాను. వంద మంది ఒకేసారి వస్తే ఎంతవుతుందో చెప్పనక్కరలేదు.

డిస్కులు మార్చి ఎస్ఎస్‌డీలు పెట్టించాము. ఖర్చు గురించి జరిగిన సమావేశం గురించి రాయను. నోటుపుస్తకంలో 372 కాస్తా 190 అయింది, అక్కడే ఆగిపోయింది. డిస్కు క్యూ ఖాళీగా ఉంది, సీపీయూ విశ్రాంతిగా ఉంది, ఉద్యోగి తెర మీద మాత్రం "స్వాగతం" తిరుగుతూనే ఉంది.

అసలు దొంగ ప్రొఫైల్. మా డెస్క్‌టాప్‌లు లాగాఫ్ అయిన వెంటనే చెరిగిపోయి కొత్తగా పుట్టే రకం కనుక, ఉద్యోగి సొంత అమరికలు, డెస్క్‌టాప్ మీది ఫైళ్ళు, అవుట్‌లుక్ సంతకం వంటివన్నీ వేరే చోట దాచి మళ్ళీ తెచ్చి పెట్టాలి. అందుకు నేను వాడినది విండోస్‌లో ఎప్పటి నుంచో ఉన్న రోమింగ్ ప్రొఫైల్. అది లాగిన్ అయినప్పుడు ఫైళ్ళను ఒక్కొక్కటిగా సర్వర్ నుంచి యంత్రానికి కాపీ చేస్తుంది, లాగాఫ్ అయినప్పుడు మారినవాటిని తిరిగి కాపీ చేస్తుంది. సొంత కంప్యూటర్ మీద అయితే నిన్నటి కాపీ అక్కడే ఉంటుంది కాబట్టి మారినవే వస్తాయి. మా యంత్రాలకు నిన్న అనేదే లేదు, రోజూ మొత్తం రావాలి. ఒక ఉద్యోగి ప్రొఫైల్ 6.4 జీబీ ఉంటే తెరిచి చూశాను. డెస్క్‌టాప్ మీద "చెల్లి పెళ్ళి" అని ఒక ఫోల్డరు, అందులో నాలుగు వీడియోలు. ఒక గిగాబిట్ లైను మీద ఎవరి పోటీ లేకుండా వచ్చినా దానికి 51 సెకన్లు పడుతుంది, ఆ లైను మీద అప్పుడు ఒక్కరే ఉంటే కదా.

దీనికి మందు ఎఫ్ఎస్‌లాజిక్స్ అనే సాఫ్ట్‌వేర్. దాన్ని తయారుచేసిన అదే పేరుగల సంస్థను మైక్రోసాఫ్ట్ 2018 నవంబరులో కొనేసింది. ఆర్‌డీఎస్ క్యాల్ (విండోస్ సర్వర్ మీద దూరం నుంచి పనిచేయడానికి కావలసిన లైసెన్సు) ఉన్నవారికీ, మైక్రోసాఫ్ట్ 365 ఈ3, ఈ5 వంటి లైసెన్సులు ఉన్నవారికీ అదనపు ధర లేకుండా ఇస్తోంది. ఇది ఫైళ్ళను కాపీ చేయదు. ఒక్కొక్కరి ప్రొఫైల్ ఒక వీహెచ్‌డీఎక్స్ ఫైలుగా, అంటే ఫైలు రూపంలోని వర్చువల్ డిస్కుగా, ఫైల్ సర్వర్ మీద ఉంటుంది, లాగిన్ అయినప్పుడు దాన్ని డిస్కులా తగిలించి, సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డరులోనే అన్నీ ఉన్నాయని విండోస్‌ను నమ్మిస్తుంది. పెళ్ళి వీడియోలు అక్కడే ఉంటాయి, ఎవరైనా తెరిస్తేనే కదులుతాయి. పెట్టిన మొదటి సోమవారం 38 అని రాసుకున్నాను.

పెట్టేవారు కొన్ని సంగతులు ముందే తెలుసుకుంటే నాలాగా శనివారాలు పోగొట్టుకోనక్కరలేదు. యంత్రం మీద ఆ ఉద్యోగి పేరుతో పాత స్థానిక ప్రొఫైల్ ఒకటి మిగిలి ఉంటే ఎఫ్ఎస్‌లాజిక్స్ కిక్కురుమనకుండా తప్పుకుని దాన్నే వాడనిస్తుంది. స్థానిక ప్రొఫైల్‌ను తీసేయమని చెప్పే రిజిస్ట్రీ అమరిక వేరుగా ఉంది, దాన్ని మనమే ఆన్ చేయాలి. యాంటీవైరస్ ఆ వీహెచ్‌డీఎక్స్ ఫైళ్ళను స్కాన్ చేయకుండా మినహాయింపు ఇవ్వాలి, లేకపోతే పాత 190 మళ్ళీ కనిపిస్తుంది. ఒక్కో డిస్కు పరిమితి మామూలుగా 30 జీబీ. అవుట్‌లుక్ క్యాష్ ఫైలు అందులోనే పెరుగుతుంది కనుక నిండిపోయిన రోజున ఉద్యోగికి వచ్చే సందేశాలకూ అసలు కారణానికీ ఏ సంబంధమూ ఉండదు.

ఇదంతా అయ్యాక కూర్చుని, మొదట వేసుకోవలసిన ప్రశ్న అప్పుడు వేసుకున్నాను: ఈ 180 మందిలో ఎవరికి నిజంగా ఒక పూర్తి విండోస్ యంత్రం కావాలి? సాఫ్ట్‌వేర్ రాసేవారు, పరీక్షించేవారు, యంత్రం మీద నిర్వాహక హక్కులు లేకపోతే పని సాగనివారు 23 మంది తేలారు. ఎక్సెల్, అవుట్‌లుక్, బ్రౌజర్ తప్ప వేరేవి తెరవనివారు 105 మంది. శాఖల్లో ఖాతాల సాఫ్ట్‌వేర్ ఒక్కటే చాలినవారు 52 మంది. 23 మంది కోసం సరైన పద్ధతిని 180 మందికి తొడిగి, దానికి సరిపడా డిస్కులు, మెమరీ, వర్చువల్ డెస్క్‌టాప్ వాడడానికి కావలసిన విండోస్ వీడీఏ లైసెన్సులు కొన్నాము.

ఆ 105 మందికి చాలేది ఎంత పాత పద్ధతో తలచుకుంటే నవ్వు వస్తుంది. 1989లో పుట్టిన సిట్రిక్స్, విండోస్ ఎన్‌టీ 3.51 మీద పలువురు ఒకేసారి పనిచేసే విన్‌ఫ్రేమ్‌ను 1995లోనే అమ్మింది. మైక్రోసాఫ్ట్ 1998లో ఎన్‌టీ 4.0కు టెర్మినల్ సర్వర్ ఎడిషన్ తెచ్చింది. ఇప్పుడు మనం రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ అంటున్నది దాని మనవడే. ఒక్క విండోస్ సర్వర్, దాని గుండెకాయలాంటి ఒక్క కెర్నల్, దాని మీద నలభై మంది ఎవరి సెషన్లో వారు. లాడ్జిలో గదికో మంచం, గదికో ఫ్యాను అన్నట్టు వీడీఐ ఉంటే, ఇది పెద్ద సత్రం లాంటిది. గోడలు పలచన, ఒకరు గట్టిగా దగ్గితే పక్కవారికి వినిపిస్తుంది, కానీ చోటు చాలా కలిసివస్తుంది. ఈ 105 మంది, శాఖల్లోని 52 మంది కలిపి 157 మందికి తలా 4 జీబీ చొప్పున 628 జీబీ మెమరీ పెట్టిన చోట, 96 జీబీ సర్వర్లు నాలుగు సరిపోయాయి. ఒకరి బ్రౌజర్ సీపీయూను తినేస్తే నలభై మందీ ఫోన్ చేస్తారన్నది కూడా నిజమే, అది నాకు నెలకోసారి జరుగుతుంది. (ఈ రంగంలో పేర్లు నిలవవు. మెటాఫ్రేమ్, ప్రెజెంటేషన్ సర్వర్, జెన్‌యాప్, వర్చువల్ యాప్స్ అన్నీ సిట్రిక్స్ వారి ఒకే వంశం. వీఎంవేర్ హొరైజన్ అనే వీడీఐ సాఫ్ట్‌వేర్ అయితే బ్రాడ్‌కామ్ చేతికి వచ్చి, అక్కడి నుంచి కేకేఆర్ అనే పెట్టుబడి సంస్థ చేతికి పోయి, 2024 నుంచి ఆమ్నిస్సా అనే సంస్థది అయింది. ఒప్పందం పునరుద్ధరణకు ఎవరికి మెయిల్ రాయాలో వెతుక్కోవడం కూడా మన ఉద్యోగంలో భాగమే.)

శాఖల్లోని 52 మంది కథ వేరు. మా ఖాతాల సాఫ్ట్‌వేర్ డేటాను ఫైళ్ళలో దాచుకుంటుంది. వీపీఎన్ మీద ఆ ఫోల్డరును డ్రైవ్‌గా తగిలించి ఇస్తే విశాఖలో ఒక లెడ్జర్ తెరవడానికి నిమిషంన్నర పట్టేది. బ్యాండ్‌విడ్త్ పెంచమని అందరూ అడిగారు, పెంచినా మారలేదు. ఒక లెడ్జర్ కోసం 3,000 చిన్న చదువులు జరిగి, ఒక్కొక్కటి హైదరాబాదు దాకా వెళ్ళి రావడానికి 30 మిల్లీసెకన్లు పడితే 90 సెకన్లు అవుతుంది, రోడ్డు వెడల్పు చేసినంత మాత్రాన దూరం తగ్గదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను డేటా పక్కనే హైదరాబాదులో నడిపి, దాని కిటికీని మాత్రం రిమోట్‌యాప్‌గా విశాఖకు పంపినప్పుడు ఆ మూడు వేల ప్రయాణాలూ సర్వర్ గదిలోనే ముగిసిపోయాయి. లెడ్జర్ రెండు సెకన్లలో వచ్చింది.

ఎంత సహజంగా కనిపించిందంటే అదే ఇబ్బంది తెచ్చింది. విశాఖ శాఖలో ఖాతాలు చూసే ఆవిడ మర్నాడే ఫోన్ చేశారు.

"సార్, ట్రయల్ బ్యాలెన్స్ ఎక్సెల్‌లోకి తీసి డెస్క్‌టాప్ మీదే సేవ్ చేశానండీ. కనిపించడం లేదు."

"ఏ డెస్క్‌టాప్ మీద మేడమ్?"

"నాకు ఉన్నదే ఒకటి కదండీ!"

తప్పు ఆవిడది కాదు. ఆ కిటికీ ఆవిడ తెర మీద ఉన్నా, సేవ్ బటన్ చూపించిన డెస్క్‌టాప్ హైదరాబాదు సర్వర్‌లో ఆవిడ పేరు మీద ఉన్నది, దాన్ని ఆవిడ ఏనాడూ చూడలేదు. ఆ రోజే సర్వర్ మీది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను ఒక షేర్‌కు మళ్ళించి, అదే షేర్‌ను వారి సొంత కంప్యూటర్‌లో "ఖాతాల ఫైళ్ళు" అన్న పేరుతో తగిలించాను. రిమోట్‌యాప్ ఇచ్చేవారు మొదటి రోజే ఈ పని చేసి ఉంచుకోవడం మంచిది.

పాత జావా లేనిదే తెరుచుకోని ఒక సాధనం ఒకటి మిగిలింది, దాన్ని మాత్రం యాప్-వీ ప్యాకేజీగా చుట్టాము. యాప్-వీలోని సీక్వెన్సర్ అనే సాధనం ఇన్‌స్టాలేషన్‌ను గమనిస్తూ ఫైళ్ళనూ రిజిస్ట్రీ మార్పులనూ ఒక బుడగలో పట్టి ఉంచుతుంది, కాబట్టి పాత జావా కొత్త జావాకు ఎదురుపడదు. డ్రైవర్ కావలసిన సాఫ్ట్‌వేర్‌కు ఇది పనికిరాదు. యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు తాళంలా తగిలించే చిన్న పరికరం) అడిగే ఒక పాత కార్యక్రమంతో రెండు వారాలు పెనుగులాడి, చివరికి దాన్ని ఒక మామూలు కంప్యూటర్ మీదే వదిలేశాను.

తెలుగులో ఉత్తరాలు తయారుచేసే విభాగం నుంచి వచ్చిన ఫిర్యాదు ఏ శిక్షణలోనూ చెప్పనిది. పాత వర్డ్ ఫైళ్ళన్నీ గౌతమి ఫాంటులో ఉన్నాయి, కొత్త సెషన్లలో అవి తెరిస్తే వేరే ఫాంటు వచ్చి పంక్తులు జారి, రెండు పేజీల ఉత్తరం మూడో పేజీలోకి పోతోంది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు తెలుగు అనుబంధ ఫాంట్లు అనే ఐచ్ఛిక అంశంలోకి వెళ్ళిపోయాయి, మామూలుగా ఉండేది నిర్మల మాత్రమే. పైగా నవీకరణలు డబ్ల్యూఎస్‌యూఎస్ (సంస్థలోనే ఉండి నవీకరణలు పంచే సర్వర్) ద్వారా తీసుకునే మా యంత్రాలకు ఆ అంశం అక్కడి నుంచి దొరకలేదు, నేరుగా మైక్రోసాఫ్ట్ నుంచి తెచ్చుకునేలా పాలసీ మార్చవలసి వచ్చింది. గోల్డెన్ ఇమేజ్‌లోనే వేసి ముద్ర వేసేశాను.

ఇక లైసెన్సుల సంగతి. సెషన్ హోస్ట్‌కు మైక్రోసాఫ్ట్ 120 రోజుల గడువు ఇస్తుంది, ఈలోగా లైసెన్స్ సర్వర్ ఏదన్నది మనం దానికి చెప్పకపోతే ఆ తర్వాత అది ఉద్యోగులెవరినీ లోపలికి రానివ్వదు. నేను క్యాల్‌లు కొనిపించాను, లైసెన్స్ సర్వర్‌లో ఎక్కించాను, వాటి రసీదు కూడా దాచాను. నాలుగు హోస్ట్‌లకు ఆ సర్వర్ పేరు, మనిషికో లైసెన్సు అనే యూజర్ పద్ధతి అన్న రెండు అమరికలు గ్రూప్ పాలసీలో (యంత్రాలన్నిటికీ ఒకేచోట నుంచి అమరికలు చెప్పే సాధనంలో) చెప్పడం మాత్రం మరిచిపోయాను. నిర్వాహకుడిగా లాగిన్ అయిన ప్రతిసారీ మూలన ఇన్ని రోజులు మిగిలాయని ఒక చిన్న హెచ్చరిక వచ్చేది, నేను ప్రతిసారీ దాన్ని మూసేసేవాడిని. నాలుగింటినీ ఒకే రోజు కట్టాను కనుక నాలుగింటి గడువూ ఒకే రోజు తీరింది. గడువు తీరినా నిర్వాహకుడిని రానిచ్చే అడ్మిన్ స్విచ్‌తో లోపలికి వెళ్ళి, పాలసీలో రెండు గడులు నింపి, అందరూ మళ్ళీ లోపలికి వచ్చేసరికి 9.52 అయింది. నోటుపుస్తకంలో ఆ రోజు తేదీ ఉంది, సమయం 9.30 అని ఉంది, మూడో గడిలో ఒక అడ్డగీత మాత్రమే ఉంది.