చలిగాలిలో ఊపిరి

సముద్రం పక్కన కాకినాడలో పుట్టి పెరిగిన నాకు చలి అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున దుప్పటి మీదికి లాక్కోవడమే. చింతపల్లి మండలంలోని ఒక పాఠశాలకు బదిలీ మీద వచ్చిన తరువాతే ఊపిరిని పట్టి ఆపే చలి కూడా ఉంటుందని తెలిసింది. ఈ పక్కనే ఉన్న లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ చుట్టుపక్కల రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల కన్నా కిందికి దిగే రోజులుంటాయి. వలిసెపూలు చూడడానికి వచ్చేవాళ్లకు ఆ మంచు పండగే కానీ, ఉదయం ఎనిమిది దాటినా వీడని ఆ మంచులో రోజూ మెరక ఎక్కి బడికి వెళ్లేవాళ్ల సంగతి వేరు.

దసరా సెలవుల తరువాత పొడిదగ్గుతో మొదలైంది. జ్వరం లేదు, కఫం లేదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య మెలకువ వచ్చేది, రొమ్ము మీద ఎవరో చెయ్యి వేసి అదిమినట్టుండేది, పడుకుంటే పిల్లికూతలు నాకే వినిపించేవి. ముందు చూపించుకున్నచోట దగ్గుమందూ యాంటీబయాటిక్ మాత్రలూ ఇచ్చారు. అవి అయిపోయాయి కానీ దగ్గు తగ్గలేదు. చివరికి ఒక రోజు ప్రార్థన సమయానికి అందుకోవాలని మెరక మీద గబగబా నడిచి, బడి గేటు పట్టుకుని నిలబడిపోయాను. పిల్లలు నమస్కారం పెడుతుంటే తిరిగి ఒక్క మాట పూర్తిగా అనలేకపోయాను. తోటి మాస్టారు జీపు పిలిపించి ఆసుపత్రికి చేర్చారు. మందును పొగమంచులా మార్చి పీల్పించే నెబులైజర్ పెట్టిన కాసేపటికి గాలి లోపలికి పోవడం మొదలైనప్పుడు కలిగిన ఊరట ఇంత కాలమైనా మరపుకు రాలేదు.

ఆ తరువాత విశాఖపట్నంలో ఊపిరితిత్తుల వైద్యురాలికి చూపించుకున్నాను. ముక్కుకు క్లిప్పు పెట్టి, ఒక గొట్టంలోకి బలంగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చేశారు. గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఉదుటున వదిలిన తరువాత, ఇక ఏమీ మిగల్లేదనిపించినా, టెక్నీషియన్ "ఊదండమ్మా, ఊదండి, ఇంకా ఊదండి" అంటూ ఆరు సెకన్ల దాకా ఆపనివ్వలేదు. శ్వాసనాళాలను విప్పే మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదించారు. మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి ఆ మందు తరువాత 12 శాతానికీ 200 మిల్లీలీటర్లకూ మించి పెరిగితే ఉబ్బసమని అనుమానించడానికి బలం చేకూరుతుందట. నాకు అంతకన్నా ఎక్కువే పెరిగింది.

చలికీ దీనికీ ఏమిటి సంబంధమని అడిగితే డాక్టరుగారు ఓపికగా చెప్పారు. పూర్తిగా తడిసిన గాలి అయినా 5 డిగ్రీల దగ్గర ఘనమీటరుకు ఏడు గ్రాముల లోపు నీటి ఆవిరినే పట్టుకోగలదు. అదే గాలి ఊపిరితిత్తుల్లోకి చేరేసరికి 37 డిగ్రీలకు వేడెక్కి, 44 గ్రాముల దాకా తేమ నింపుకోవాలి. కనుక మంచు కళ్లకు తడిగా కనిపించినా శ్వాసనాళాలకు అది పొడిగాలే. మామూలుగా ఈ పనిలో ఎక్కువ భాగం ముక్కే చేసి పెడుతుంది. మెరక ఎక్కుతూ ఆయాసంతో నోరు తెరిచి పీల్చినప్పుడు ఆ భారం లోపలి నాళాల మీద పడి, వాటి పొర ఆరిపోయి, అప్పటికే వాపుతో ఉన్న నాళాల చుట్టూ కండరం బిగుసుకుంటుంది. ఇది విన్నాక, కాపాడుకోవలసింది ఒంటిని మాత్రమే కాదని, లోపలికి పోయే గాలిని కూడానని నాకు స్పష్టమైంది.

ఇన్‌హేలర్ రాసిచ్చినప్పుడు మా ఇంట్లోవాళ్లు భయపడ్డారు. ఒకసారి మొదలుపెడితే జన్మంతా వదలదనే మాట మనవైపు బలంగా ఉంది. ఆ భయంతో మందు మానుకున్నవాళ్లను చూశాను కనుక గట్టిగా చెబుతున్నాను: ఇన్‌హేలర్‌లో ఉండే, నాళాల వాపు తగ్గించే స్టెరాయిడ్ మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల లెక్క, పైగా అది చేరవలసిన చోటికే నేరుగా చేరుతుంది. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టంతో నెమ్మదిగా పీల్చి, కాసేపు ఊపిరి బిగబట్టి, తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి. లేకపోతే నోట్లో పూత వస్తుంది. చలికి డబ్బా చల్లబడితే మందు సరిగా వెలువడదు కాబట్టి దాన్ని స్వెటరు లోపలి జేబులో, ఒంటికి ఆనుకునేలా ఉంచుకుంటాను.

అన్నిటికన్నా కష్టమైనది నిప్పుల సంగతి. ఇక్కడ చలికాలం సాయంత్రమైతే మంట చుట్టూ చేరడమే కాలక్షేపం, ఆత్మీయత. ఇంటిగలావిడ "టీచరమ్మా, రండి, చలి కాగుదురుగాని" అని పిలిస్తే వెళ్లకుండా ఉండడం బాధగానే ఉండేది. కానీ పచ్చికట్టెల పొగ నా నాళాలకు చలి కన్నా చెడ్డది. గాలి కదలని రాత్రుల్లో ఆ పొగ లోయలో పైకి లేవకుండా నేల దగ్గరే పరుచుకుంటుంది. ఆవిడకు విషయం చెప్పాక నాకోసం పొగ రాని వైపు పీట వేయించడం మొదలుపెట్టారు. తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నేను రబ్బరు సంచిలో వేడినీళ్లు నింపి, గుడ్డ చుట్టి, పాదాల దగ్గర పెట్టుకుంటాను.

బయటికి వెళ్లేటప్పుడు ముక్కూ నోరూ కప్పేలా మెత్తని నూలు కండువాను వదులుగా రెండు మడతలు చుట్టుకుంటాను. వదిలిన ఊపిరిలోని వేడి, తేమ గుడ్డలో నిలిచి, తరువాతి ఊపిరితో తిరిగి లోపలికి వస్తాయి. కాసేపటికి గుడ్డ తడిసి చల్లబడుతుంది కనుక సంచిలో ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. డాక్టరుగారు చెప్పినట్టు, మెరక ఎక్కడానికి పావుగంట ముందు శ్వాసనాళాలను విప్పే మందు పీల్చుకుని, ముక్కుతోనే పీల్చగలిగే వేగంతో నడుస్తాను. నడక వేగం పెరిగి నోరు తెరుచుకుంటే ఆగుతాను.

పిల్లికూతలు ఆ సంక్రాంతికే తగ్గాయి, తెల్లవారుజాము దగ్గు పోవడానికి మాత్రం శివరాత్రి దాటింది. ఇప్పుడు ఏటా చలి ముదరకముందే ఫ్లూ టీకా వేయించుకుంటున్నాను. ఈసారి పరీక్షలో ఊపిరి బాగా మెరుగుపడిందని, చలికాలం గడిచిన తరువాత మోతాదు తగ్గించి చూద్దామని డాక్టరుగారు అన్నారు.