కిటికీలు తెరిచి గుట్టు కాపాడటం: బరంపురంలో మా క్లినిక్ అనుభవం

మాది ఒడిశాలోని బరంపురంలో రెండు గదుల క్లినిక్. కింద పట్టుచీరల కొట్టు, పైన మేము. మెట్లెక్కగానే ఆరు కుర్చీలు పట్టే ముందుగది, దాని వెనక పది బై పన్నెండు అడుగుల లోపలి గది. నేను క్లినికల్ సైకాలజిస్టుని. మందులు రాయను, అవి కావాల్సినవాళ్లని సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాను. మాట్లాడి తేల్చుకోవాల్సినవీ, పిల్లలకి పరీక్షలు పెట్టి చూడాల్సినవీ నా దగ్గరికి వస్తాయి.

వచ్చేవాళ్లలో సగం మంది ఒడియావాళ్లు, సగం మంది మనవాళ్లు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి కూడా వస్తారు. ఇచ్ఛాపురం నుంచి మాకు పాతిక కిలోమీటర్లే, శ్రీకాకుళం కన్నా చాలా దగ్గర. దగ్గరనే కాదు, ఇక్కడ తెలిసినవాళ్ల కంట పడరన్న ధీమా కూడా ఉంటుంది. చీర కొనడానికి వెళ్తున్నామని ఇంట్లో చెప్పి, కొట్లోకి వెళ్లినట్టే వెళ్లి, పక్క మెట్లెక్కి పైకొచ్చేవాళ్లు నాకు తెలుసు. కింద కొట్టు సేట్‌గారికీ తెలుసు. ఆయన ఏనాడూ అడగలేదు.

అంటే మా పనికి పెట్టుబడి మూసిన తలుపు. కరోనా వచ్చి పడింది సరిగ్గా ఆ తలుపు మీదే.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. ఆంధ్రా సరిహద్దులో గిరిసోల చెక్‌గేటు దగ్గర బారికేడ్లు పడ్డాయి. అవతలివాళ్లు అవతలే ఉండిపోయారు. ఓ వారం క్లినిక్ మూసి ఇంట్లో కూర్చున్నాను. ఫోన్లు ఆగలేదు. దాంతో ఫోన్ మీదే చూడటం మొదలుపెట్టాను. ఫోన్, వీడియో ద్వారా థెరపీ ఎలా చెయ్యాలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఆ ఏడాదే మార్గదర్శకాలు ఇచ్చారు. అందులో మొదటి మాట, అవతలి మనిషికి ఏకాంతం ఉండాలని. మా ఊళ్లో ఆ ఏకాంతం ఎవరింట్లో ఉంది? ఒకటే హాలు. అందులోనే టీవీ, మామగారి మంచం, బడి లేని పిల్లలు. ఒకావిడ మేడ మీద ఉతికిన బట్టలే మళ్లీ తడిపి ఆరేస్తూ మాట్లాడేది. ఒకబ్బాయి బండి తీసుకెళ్లి జీడితోట గట్టు మీద కూర్చుని ఫోన్ చేసేవాడు. వెనకనించి పిట్టల అరుపులు.

ఆడవాళ్లతో ఒక గుర్తు పెట్టుకున్నాం. బరంపురం కదా, అప్పడాలు. మాట్లాడుతూ మాట్లాడుతూ "అప్పడాలు ఇంకా ఎండలేదండి" అన్నారంటే పక్కన ఎవరో వచ్చారని అర్థం. అక్కడినించి అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే అడిగేదాన్ని. "ఎండిపోయాయి" అంటే మళ్లీ మామూలు మాట. ఒకావిడ అత్తగారు ఫోన్ లాక్కుని "ఎవరమ్మా, కిలో ఎంతకి ఇస్తన్నారేటి?" అని నన్నే అడిగింది. నూట ఎనభై అన్నాను. ఎక్కువంది.

ప్రతి ఫోన్‌కీ రెండు విషయాలు ముందే రాసుకునేదాన్ని. ఇప్పుడు ఎక్కడున్నారు, దగ్గర్లో మీరు నమ్మే మనిషి ఎవరు. ఆ మనిషి నంబరు, ప్రాణం మీదికొస్తే వాళ్లకి ఫోన్ చెయ్యడానికి ఒప్పుకోలు, రెండూ ఫైలు మొదటి పేజీలో. ఎదురుగా ఉంటే చెయ్యి పట్టుకుని ఆపొచ్చు, ఫోన్లో ఏం చేస్తాం? మే నెల మొదట్లో సూరత్ మగ్గాల నుంచి మా జిల్లావాళ్లు తిరిగిరావడం మొదలైంది. గంజాం జిల్లాలో తొలి కేసులు కూడా అప్పుడే బయటపడ్డాయి. వచ్చినవాళ్లని ఊరి బళ్లలో క్వారంటైన్‌లో పెట్టేవారు. వాళ్లలో ఒక కుర్రాడితో అంతకుముందు రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడాను. ఒకరోజు రాత్రి పదిన్నరకి మెసేజ్ పెట్టాడు: "చాలు మేడమ్." ఫోన్ చేస్తే తియ్యలేదు. ఫైలు తీసి వాళ్ల అన్నకి చేశాను. అన్నకి బడిలోకి వెళ్లే వీల్లేదు. బయట కిటికీ అరుగు మీద కూర్చుని, ఊచల సందులోంచి తమ్ముడితో తెల్లారేదాకా కబుర్లు చెప్పాడట. ఆ రాత్రి నేను చేసింది ఒక్క ఫోన్ కాల్. ఆ నంబరు రాసుకుని ఉండకపోతే అదీ లేదు.

జూన్‌లో క్లినిక్ తెరిచాను. అందరికీ కాదు. ఇంట్లో నోరు విప్పలేనివాళ్లు, ఫోన్ మీద కుదరని చిన్నపిల్లలు, ఏం చేసుకుంటారోనని నాకు భయంగా ఉన్నవాళ్లు, అంతే. మనిషికీ మనిషికీ మధ్య అరగంట ఖాళీ. ముందుగదిలో ఎవరూ కూర్చోకూడదు. కింద బండి మీద ఉండి, మేము మిస్డ్ కాల్ ఇస్తే పైకి రావాలి. గుమ్మంలో జ్వరం చూసే గన్ను, శానిటైజర్, ఒక రిజిస్టరు. అప్పట్లో అందరిలాగే నేనూ వస్తువులనే అనుమానించాను. హైపోక్లోరైట్ బ్లీచ్‌తో కుర్చీలు తుడిచి తుడిచి రెగ్జిన్ తెల్లబడింది. లోపల మాత్రం కిటికీలు బిడాయించి, ఏసీ వేసుకుని, ఎదురెదురుగా ముప్పావుగంట మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ రిజిస్టరు నా బుద్ధితక్కువ పని. పేరు, ఫోన్ నంబరు, వచ్చిన టైము రాయించేవాళ్లం. ఎవరికైనా కరోనా తేలితే మిగతావాళ్లకి చెప్పాలి కదా అని. బ్యాంకులో పెట్టారు, మందుల షాపులో పెట్టారు, మేమూ పెట్టాం. మూడో వారంలో ఒకమ్మాయి సంతకం పెట్టబోయి ఆగిపోయింది. పైన రెండు వరసల అవతల వేలు పెట్టి, "మా పిన్ని కూడా మీ దగ్గరికి వస్తాదా మేడమ్?" అంది.

నాకు నోట మాట రాలేదు. తొమ్మిదేళ్లు మూసి ఉంచిన తలుపుని ఇరవై రూపాయల పుస్తకం తెరిచేసింది. ఆ సాయంత్రమే పేజీలు చింపి బీరువాలో పెట్టాను. మర్నాటి నుంచి ఒక్కొక్కరికీ ఒక చీటీ. రాసి, మడిచి, తాళం వేసిన స్వీటు డబ్బాలో వెయ్యాలి. మూడు వారాలు దాటిన చీటీలు నేనే కాల్చేసేదాన్ని. పిన్నిగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. ఆవిడ కోప్పడలేదు, తర్వాత మళ్లీ రాలేదు కూడా.

జూలైలో మా రిసెప్షన్ అమ్మాయికి పాజిటివ్ వచ్చింది. జిల్లాలో కేసులు ముమ్మరంగా ఉన్న రోజులవి. జూలై 17 నుంచి నెలాఖరు దాకా గంజాంతో పాటు ఇంకో మూడు జిల్లాల్లోనూ, రూర్కెలాలోనూ మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. ఆ అమ్మాయికి తేలికగానే పోయింది. చిక్కంతా జాబితా దగ్గర వచ్చింది. వారం రోజుల్లో క్లినిక్‌కి వచ్చినవాళ్ల పేర్లన్నీ ఇమ్మని ఒక ఉద్యోగి ఫోన్. అడగడం ఆయన డ్యూటీ, తప్పు పట్టలేను. కానీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చికిత్స గోప్యత రోగి హక్కు అంటుంది. జనానికి ప్రమాదం ఉన్నప్పుడు మినహాయింపులూ ఉన్నాయి. ఆ రెంటి మధ్యా ఎక్కడ నిలబడాలి? చివరికి ఇలా చేశాను. డబ్బా తెరిచి, పదకొండు చీటీలు ముందు పెట్టుకుని, ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేశాను. విషయం చెప్పి, ఇంట్లో విడిగా ఉండమని, టెస్టు ఎక్కడ చేస్తున్నారో చెప్పాను. పేర్లు ఇవ్వడానికి ఒప్పుకున్న తొమ్మిది మందివి, పేరూ నంబరూ మాత్రం ఇచ్చాను. కాంటాక్టు అయిన చోటు అన్న గడిలో "పట్టుచీరల కొట్టు ఉన్న భవనం" అని రాశాను. అబద్ధం కాదు. మిగతా ఇద్దరూ తామే వెళ్లి టెస్టు చేయించుకుని నాకు రిపోర్టు పంపారు. పదకొండు మందికీ నెగటివే. సేట్‌గారికి మాత్రం ఓ నాలుగు రోజులు బేరాలు పడిపోయాయి. అదీ నా ఖాతాలోనే.

క్లినిక్ మూసి పధ్నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని చదివితే గాలి సంగతి బోధపడింది. మాట్లాడుతుంటే నోట్లోంచి వచ్చే సన్నటి తుంపర గాలి ఆడని గదిలో పొగలా నిలిచిపోతుంది. మా పనే మాట్లాడటం. మళ్లీ తెరిచిన రోజు ఒక అగరుబత్తి వెలిగించి గదిలో అన్ని మూలలా పట్టుకుని తిరిగాను. క్లయింటు కుర్చీ దగ్గర పొగ నిటారుగా లేచి, తలెత్తులో గొడుగులా విచ్చుకుని, అక్కడే తిష్ఠవేసింది. అంతదాకా నేను కూర్చున్న చోటు కూడా అదే. కిటికీలు రెండూ తెరిచి, ఒకదానికి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాం. ఎలక్ట్రీషియన్ మొదట గాలి లోపలికి కొట్టేలా బిగించాడు, మళ్లీ బత్తి వెలిగిస్తే దొరికిపోయాడు. తిప్పి బిగించాక పొగ అడ్డంగా వంగి కిటికీలోకి పోయింది. కుర్చీలు ఎదురెదురుగా కాకుండా, గాలి ఒకరి మీదనుంచి ఇంకొకరి మీదికి పోకుండా పక్కవాటుగా వేశాను.

గాలి పోయిన దారినే మాటలూ పోతాయి. కిటికీ కింద కొట్టువాళ్ల పెరడు. మధ్యాహ్నం అక్కడ పనివాళ్లు చీరలు మడతపెడుతూ ఉంటారు. మా రిసెప్షన్ అమ్మాయిని లోపల కూర్చోబెట్టి మామూలు గొంతుతో వార్తాపత్రిక చదవమని, నేను పెరట్లో నిలబడ్డాను. బంగారం ధర దాకా వినిపించింది. ముందుగదిలో అయితే మరీనూ. రేడియో పెట్టి చూశాం, పాట వస్తే మనసు పాట మీదికి పోతుంది. చివరికి మా ఇంట్లో మూలపడేసిన పాత పెడస్టల్ ఫ్యాను పనికొచ్చింది. బేరింగు అరిగి హోరుమంటుంది. దాన్ని తలుపు బయట పెడితే ముందుగదిలో లోపలి మాట ముక్క కూడా తెలియలేదు. అలాంటిదే ఇంకొకటి పాతసామాన్ల కొట్లో మూడొందలకి కొని, కిందకి దింపి, పెరటి గోడ వైపు తిప్పాను. కొత్త ఫ్యాను పనికిరాదు, చప్పుడు చెయ్యదు.

ఉక్కలో, ఏసీ లేకుండా, ఎన్95 మాస్కు వేసుకుని రోజుకి నలుగురికి మించి చూడలేకపోయాను. ఐదు మాస్కులకి ఐదు కాగితం సంచులు, వారాల పేర్లు రాసి దండెం మీద వేలాడదీసి, వంతులవారీగా వాడేదాన్ని. మాస్కు వెనక మూతి కనపడక చిన్నపిల్లలు హడలిపోయేవారు. అందుకని కిందనుంచే ఓ ఐదు నిమిషాలు వీడియో కాల్. నా మొహం పూర్తిగా చూసి, నవ్వు చూసి, తర్వాత మెట్లెక్కేవారు. పిల్లల పరీక్షకి వాడే సెగ్విన్ బోర్డులో పది చెక్క ముక్కలుంటాయి. వాటిని శానిటైజర్‌తో తుడిచి వార్నిష్ పోగొట్టాను. నక్షత్రం ముక్క ఇప్పటికీ జిగటగానే ఉంటుంది. ఆ తర్వాత సబ్బునీళ్ల గుడ్డ, ఎండ, ఒక పిల్లాడికీ ఇంకో పిల్లాడికీ మధ్య మూడు రోజుల విరామం.

అన్నిటికన్నా నన్ను ఇరకాటంలో పెట్టింది ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా పట్టుకునే జబ్బు) ఉన్న ఒకాయన. మురికి భయం. రోజుకి గంటల తరబడి చేతులు కడిగే మనిషి, ఏడాది కష్టపడితే తగ్గింది. తలుపు గొళ్లెం ముట్టుకుని కడగకుండా కూర్చోవడం దాకా వచ్చాం. అప్పుడు నేనే గుమ్మంలో "సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి" అని మూడు భాషల్లో బోర్డు పెట్టాను. ఆయన దాని ముందు నిలబడి, "ఏటి మేడమ్, నేనేనా పిచ్చోణ్ణి? ఇప్పుడు సర్కారంతా నాలాగే ఉన్నాది!" అన్నాడు. ఇద్దరం నవ్వాం. కానీ ఆయన చేతులు అప్పటికే పగిలి ఎర్రబడి ఉన్నాయి. కూర్చుని ఒప్పందం రాసుకున్నాం. ప్రభుత్వం చెప్పినంతే, చెప్పిన వేళకే: బయటినుంచి వచ్చాక, తినేముందు, దొడ్డికి వెళ్లొచ్చాక, ఇరవై సెకన్లు, ఒక్కసారి. ఇరవై ఒకటో సెకను మొదలైతే అది కరోనా జాగ్రత్త కాదు, జబ్బు. లెక్కపెట్టడం కూడా ఆయనకి మరో తంతు అవుతుందేమోనని, ఇంట్లో కూతురు లెక్కపెట్టి కుళాయి కట్టేసేది.

రెండో విడత గురించి ఎక్కువ రాయలేను. 2021 ఏప్రిల్, మే. అప్పటికి నాకూ, రిసెప్షన్ అమ్మాయికీ టీకా రెండు డోసులూ పడ్డాయి. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది కర్మ సరిగ్గా చెయ్యలేకపోయినవాళ్లు, ఆసుపత్రి మంచం దొరకనివాళ్లు. మాస్కు పెట్టుకుని ఏడిస్తే మాస్కు తడుస్తుంది, తడిసిన మాస్కు పని చెయ్యదు. బల్ల మీద టిష్యూల పక్కనే కొత్త మాస్కుల డబ్బా పెట్టాను. ఏడుపు అయ్యాక కిటికీ వైపు తిరిగి మార్చుకునేవారు. నేను గోడ వైపు తిరిగేదాన్ని. గోడ మీద కిరణ్ హెల్ప్‌లైన్ నంబరు, 1800-599-0019. 2020 సెప్టెంబరులో వచ్చింది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడేవారు. నేను దొరకని రాత్రుల కోసం దాన్ని చీటీల మీద రాసి ఇచ్చేదాన్ని.

ఆ ఏడాదే కార్బన్ డయాక్సైడ్ చూపించే చిన్న మీటరు కొన్నాను, మేము వదిలిన ఊపిరి గదిలో ఎంత నిలిచిపోతోందో చూడటానికి. బయట గాలిలో అది పది లక్షల పాళ్లకి నాలుగొందల చిల్లర పాళ్లు ఉంటుంది. పాత పద్ధతిలో కిటికీలు మూసి రిసెప్షన్ అమ్మాయితో ముప్పావుగంట కూర్చుంటే 1100 దాటింది. తెరిచి, ఫ్యాను వేస్తే 600 దగ్గర ఆగింది. అగరుబత్తి చెప్పిందే మీటరు కూడా చెప్పింది, కాకపోతే మూడువేల ఖర్చుతో.

ఇప్పుడు మాస్కులు లేవు, చీటీల డబ్బాలో మళ్లీ స్వీట్లే ఉంటున్నాయి. పోయిన వేసవిలో పెరట్లోని ఫ్యాను కాలిపోయింది. తీసేసి వారం తిరక్కుండానే సేట్‌గారు పైకొచ్చారు. ఇన్నేళ్లలో ఆయన మా మెట్లెక్కడం అదే మొదటిసారి. గుమ్మంలోనే నిలబడి, చెప్పులు విప్పాలా వద్దా అని చూసుకుని, "అమ్మా, ఆ ఫ్యాను మళ్లీ పెట్టించరా? ఆ హోరు లేకపోతే మధ్యాహ్నం నాకు కునుకు పట్టడం లేదు" అన్నారు. మర్నాడు పాతసామాన్ల కొట్టుకి ఆయనే మనిషిని పంపారు.