సగం చేపలు

నిద్ర పట్టట్లేదు. చేపల వల్ల. నవ్వకండి.

భోజనాల దగ్గర ఒకాయన, "మన వాషింగ్టన్ రాష్ట్రంలోనూ కోటాలే కదండీ, సాల్మన్ చేపల్లో సగం నేటివ్ వాళ్ళకి, అదే ఇక్కడి ఆదివాసీ తెగలకి, రాసిచ్చేశారట" అన్నాడు. ఈయన పెరుగు వడ్డిస్తూ నావైపు ఒక చూపు చూశారు, ఆ చూపు మీకు తెలిసిందే. ఊరుకున్నాను. ఊరుకున్నందుకే ఇప్పుడీ గోల.

ఎవరు ఎవరికి రాసిచ్చారట? 1854, 55లలో అప్పటి వాషింగ్టన్ ప్రాంతపు గవర్నర్ స్టీవెన్స్ ఇక్కడి తెగలతో ఒడంబడికలు చేయించుకున్నాడు. బేరం జరిగింది కొన్ని వందల మాటలే ఉన్న చినూక్ మిశ్రమ భాషలో. భూములు ఇచ్చింది తెగలవాళ్ళు. తరాలుగా చేపలు పట్టే చోట్ల, వలసొచ్చినవాళ్ళతో పాటు తామూ పట్టుకునే హక్కు మాత్రం వదులుకోలేదు. ఇల్లు అమ్ముతూ, పెరటి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు దస్తావేజులో రాయించుకున్నట్టు. కొన్నవాడి మనవడొచ్చి "బావి మీకు ఊరికే ఇచ్చాం" అంటే ఒళ్ళు మండదూ?

ఆ దస్తావేజుని కోర్టులో నిలబెట్టిన లాయర్లలో సియాటిల్‌కి చెందిన ఆల్ జియాంట్స్ ఒకరు. ఇటు ఏసీఎల్‌యూ అనే సంస్థలో పౌరహక్కుల పని, అటు ముప్ఫై ఏళ్ళకు పైగా తెగల తరఫు వకాల్తా. ఈ కేసులో మకా తెగకి లాయరు ఆయనే. పట్టదగ్గ చేపల్లో సగం దాకా తెగల వాటా అంటూ 1974 ఫిబ్రవరి 12న జడ్జి బోల్ట్ తీర్పు వచ్చేదాకా తెగలకి దక్కుతున్నది నూటికి ఐదు కూడా కాదు.

ఇక ఆ "సగం" సంగతి. నదికొచ్చిన చేపలన్నిట్లో సగం కాదు. గుడ్లు పెట్టడానికి పైకి వెళ్ళాల్సినవి ముందు తీసేస్తారు. లక్ష వస్తాయనుకుని నలభై వేలు వదిలితే, మిగిలిన అరవైలో చెరో ముప్ఫై వేలు. చిక్కల్లా ఆ లక్ష దగ్గరే. అది చేప రాకముందు వేసిన అంచనా. సముద్రంలో పడవలవాళ్ళు ముందే పట్టేస్తారు, తెగల వలలు చాలావరకు నదిలోనో, నదీముఖం దగ్గరో. వచ్చినవి అంచనా కన్నా తక్కువైతే లోటు తెగల నెత్తినే. పైగా 1979లో సుప్రీంకోర్టు తీర్పును ఖాయం చేస్తూనే, సగం అనేది గరిష్ఠం అంది. ఓ మాదిరి బతుకుదెరువుకి అంతకన్నా తక్కువ సరిపోతే వాటా తగ్గించొచ్చట. కోటా అంటే ఇలా ఉంటుందా?

అయినా, ఇంతసేపూ గెలుపు గెలుపు అని టైప్ చేస్తున్నాను. గెలుపేనా? మొత్తమే తరిగిపోతుంటే సగం ఏం చేసుకుంటారు? నిస్క్వాలీ నది మీద చేపలు పడుతున్నాడని, ఆ తెగ కుర్రాడు బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ని మొదటిసారి పట్టుకెళ్ళింది 1945లో, పద్నాలుగేళ్ళప్పుడు. అలాంటివాళ్ళు జైళ్ళకి తిరిగితే వచ్చిన సగం అది.



ఆ మొత్తం ఇంకా తరిగిపోకూడదనే 2001లో తెగలు రోడ్ల కింది తూముల మీద కోర్టుకెక్కాయి. రోడ్డు కింద తూము సన్నగా ఉంటే నీటి వడికి చేప ఎదురీదలేదు. కిందివైపు మట్టి కోసుకుపోతే తూము మూతి గాల్లో వేలాడుతుంది, పిల్ల చేపలు అంతెత్తు ఎగరలేవు. 2018లో సుప్రీంకోర్టు 4–4గా చీలడంతో కింది కోర్టు ఆదేశం నిలిచింది: ఎక్కువ మేర దారి మూసేసిన హైవే తూముల్ని 2030కల్లా రాష్ట్రం మార్చాలి. ఖర్చు వందల కోట్ల డాలర్లు, మన పన్నుల్లోంచే. నాకైతే అభ్యంతరం లేదు. ఈయన ఏమంటారో పొద్దున్న అడగాలి.