ప్యాంక్రియాటైటిస్ మళ్లీ మళ్లీ వస్తే క్రానిక్ అయితదా? నా అనుభవం

మొదటిసారి వచ్చినప్పుడు గ్యాస్ అనుకున్నం, కానీ అది ప్యాంక్రియాటైటిస్, అంటే ప్యాంక్రియాస్ గ్రంథికి వాపు. మళ్లొకసారి నొప్పి లేచినంక హన్మకొండల డాక్టర్ రక్తంల లైపేజ్ (ప్యాంక్రియాస్ తయారుచేసే ఎంజైమ్) చూసి ఇది కూడా ప్యాంక్రియాటైటిసే అన్నడు. పైకడుపుల మొదలై వీపులకు పొడుస్తది, ముందుకు వంగి కూసుంటే జర నయం. సెలైన్లు పెట్టి తగ్గించిన్రు. నేను అడిగిందొక్కటే, సార్ ఇది వచ్చి పోయేదేనా, లేకపోతే క్రానిక్ అయి లోపల శాశ్వతంగ ఉండిపోతదా?

దానికి ఒక్క టెస్టుతోని జవాబు రాదని హైదరాబాద్ పోయినంక తెలిసింది. కాజీపేటల పొద్దుగాల ట్రైన్ ఎక్కి పోయిన (పాత సీటీ ఫిల్ములు, సీడీలు కూడా పట్కపోండ్రి, ఒట్టి రిపోర్ట్ కాయితం సాలదు). ముందుగాల కారణం వెతికిన్రు, పిత్తాశయంల రాళ్లు, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంల కొవ్వు), కాల్షియం. రాళ్లే కారణమైతే ఆ సంచి తీసేస్తే చానామందికి మళ్లీ రాదట, నాకు రాళ్లూ లేవు మిగతావీ నార్మలే. మందు తాగుతరా అంటే లేదన్న, సిగరెట్ అంటే ఉందన్న. మందు ముట్టకపోయినా పొగ ఒక్కటే క్రానిక్ దిక్కు గుంజుతదట, బీడీ అయినా అంతే. మా దిక్కు కడుపునొప్పికి బీడీకి సంబంధం ఉందంటే ఎవ్వలు నమ్ముతరు?

తర్వాత ఎమ్మార్‌సీపీ (పిత్త, ప్యాంక్రియాస్ నాళాలు చూసే ఎమ్మారై స్కాన్), ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. ఈ రెండోదాంట్ల నోట్లకెళ్లి పంపే గొట్టం చివర స్కానర్ ఉంటది, ప్యాంక్రియాస్ కడుపు ఎనకనే కాబట్టి సీటీల కనిపించని చిన్న మార్పులు కూడా దగ్గరనుంచి దొరుకుతయి. నాకు ప్యాంక్రియాస్ నాళం (డక్ట్) కొద్దిగ వెడల్పయింది, కాల్షియం రాళ్లు లేవు. జీన్ టెస్టుల స్పింక్1 అనే జీన్‌ల మార్పు వచ్చింది, మన దేశంల ఈ జబ్బు ఉన్నోళ్లల్ల ఇది బాగనే కనిపిస్తదట, కానీ ఏ రోగం లేనోళ్లల్ల కూడా ఉంటది, అందుకే జీన్ చూసి ఖాయం అని చెప్పలేరు.

లెక్క అడిగితే డాక్టర్ 2015లో వచ్చిన ఒక స్టడీ సంగతి చెప్పిండు, పాత స్టడీలన్నీ కలిపి చూసిందట, ఒక్కసారి వచ్చినోళ్లల్ల నూటికి 10 మందికి, మళ్లీ మళ్లీ వచ్చినోళ్లల్ల 36 మందికి క్రానిక్ అయింది. అంటే మూడొంతుల్ల రెండొంతుల మందికి కాలేదు, నేను ఆ మాటే పట్టుకున్న. ఆ 36ల నేనున్ననా అన్నది మాత్రం ఎవ్వలూ చెప్పలే, మన చేతిల ఉన్నది పొగ ఆపుడు, చెకప్‌లకు పోవుడు అన్నరు.

పొగ ఆపేసిన. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), మలంల ఎలాస్టేజ్ (తిండి అరిగించే ప్యాంక్రియాస్ ఎంజైమ్) అప్పుడప్పుడు చూపిస్తున్న, మలం జిడ్డుగ తేలినా బరువు తగ్గినా వెంటనే రమ్మన్నరు. షుగర్ సంగతి కూడా గట్టిగ చెప్పిన్రు, ఇన్సులిన్ తయారయ్యేదే ప్యాంక్రియాస్‌ల కాబట్టి మా ఇంట్ల ఎవ్వలకు షుగర్ లేదు అన్న ధైర్యం ఇక్కడ పనిచెయ్యదట.