బూటు గాడిలో మట్టి

ఆక్లాండ్ నుంచి పొద్దున్నే బయల్దేరాం, నేనూ మా అమ్మాయీ. న్యూజిలాండ్ ఉత్తరాన ఉన్న వైపోవా అడవిలో కౌరి చెట్లు చూడాలని. దారంతా పచ్చిక కొండలు, మలుపులు. ఆ మలుపులకు నా కడుపు ఏమైందో రాయకపోవడమే మంచిది.

అడవిలోకి అడుగుపెట్టే చోటే బూట్లు శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంది. ముందు అడుగున బ్రష్‌తో రుద్దాలి, తర్వాత మందు స్ప్రే. నేను గబగబా కానిచ్చేసి ముందుకు నడవబోతే అక్కడున్న మావోరీ (న్యూజిలాండ్ మూలవాసులు) అమ్మాయి నవ్వుతూనే ఆపింది. "ఒకసారి కాలెత్తండి" అంది. బూటు గాడిలో నిన్న ఇంకెక్కడో అంటుకున్న మట్టి, శనగగింజంత. గుండుసూది తలంత చాలట, కౌరి చెట్లకు రోగం రావడానికి. సిగ్గుపడి మళ్లీ మొదట్నుంచి తోముకున్నాను.

ఆ రోగానికి కారణం ఫైటోఫ్తోరా అగాథిడిసిడా. చూడ్డానికి బూజులా ఉన్నా శిలీంధ్రం కాదు. బంగాళాదుంప పంటను కుళ్లబెట్టే తెగులుకు దగ్గర చుట్టం. తడి నేలలో దాని బీజాలు తోకలు ఆడిస్తూ ఈదుకుంటూ వేళ్లను చేరతాయి. వేళ్లు కుళ్లాక చెట్టుకు నీళ్లు అందవు. ఆకులు పసుపెక్కి రాలతాయి, మాను మొదట్లో జిగురు కారుతుంది. నయం చేసే మందు లేదు. ఫాస్ఫైట్ ఇంజెక్షన్లిస్తే కొంత నెమ్మదిస్తుంది, అంతే.

చెక్క వంతెన లాంటి బాట మీద నాలుగడుగులు వేసి మలుపు తిరిగామో లేదో, ఎదురుగా 'తానే మహుతా' అనే కౌరి చెట్టు. దాదాపు 51 మీటర్ల ఎత్తు, 14 మీటర్లకు కాస్త తక్కువ చుట్టుకొలత, వయసు రెండు వేల ఏళ్లు ఉండొచ్చంటారు. 'తానే' అంటే మావోరీల అడవి దేవుడు, ఆకాశ తండ్రినీ భూమి తల్లినీ విడదీసి లోకంలోకి వెలుగు తెచ్చినవాడు. మా అమ్మాయి ఫోన్ తీసింది, ఫ్రేములో పట్టలేదు, మళ్లీ జేబులో పెట్టేసుకుంది.

బాట దగ్గర ఇంకో కథ విన్నాను. కౌరి, తిమింగలం అన్నదమ్ములట. సముద్రంలోకి రమ్మని తిమింగలం పిలిస్తే కౌరి రానంది. విడిపోయే ముందు ఇద్దరూ తోలు మార్చుకున్నారు. అందుకే కౌరి బెరడు పలుచన, జిగురు ఎక్కువ. ఈ కథను నమ్మి, తిమింగలం నూనె, ఎముకలతో మందు చేసి జబ్బుపడ్డ కౌరీలకు రాస్తున్న నాటువైద్యులున్నారని తెలిసి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వెల్లింగ్టన్‌లోని విక్టోరియా యూనివర్సిటీ పరిశోధకులు ఏ మొక్కలు పరీక్షించాలో మావోరీ జ్ఞానాన్నే అడిగారు. అలా కానుకా (మన కానుక కాదు, అక్కడి పొద) ఆకుల్లో దొరికిన పదార్థాలు ల్యాబ్‌లో ఆ బీజాలను సరిగా ఈదనివ్వలేదు, మొలకెత్తనివ్వలేదు. ల్యాబ్‌లో పనిచేసినంత మాత్రాన అడవిలో పనిచేస్తుందని కాదు. కానీ వేలాది మొక్కల్లో ఎక్కడ వెతకాలో చెప్పేవాళ్లుండడం చిన్న సాయమా?

ఆక్లాండ్ పక్కనే ఉన్న వైతాకెరె కొండల సంగతి తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి చెప్పింది. 2017 డిసెంబరులో అక్కడి తె కవెరావు ఆ మాకి అనే మావోరీ తెగ అడవి మీద రాహుయి పెట్టింది. అంటే, అడవి ఈ రోగం నుంచి కోలుకునేదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదనే కట్టడి. ఆక్లాండ్ కౌన్సిల్ అడవిలో దారులు మూసింది ఆ మరుసటి ఏడాది. "ట్రాక్‌లు మూసేశారని అప్పట్లో మా ఆఫీసులో అందరం తిట్టుకున్నాం" అని ఒప్పుకుంది.

రాత్రి బస దగ్గర పాత టూత్‌బ్రష్ తీసుకుని బూట్లు గాడి గాడీ తోముతూ కూర్చున్నాను. అమ్మాయి కాసేపు చూసి, "అమ్మా, రేపు వెళ్తున్నది సముద్రం దగ్గరికే కదా!" అంది.