గట్టు మీద లాగుడు: జోనంగి, ఊరకుక్కలతో ఒక శీతాకాలం

కార్తీకం వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రికి ముందే ఆపేయాలి. డెల్టాలో కుక్కలతో లాగుడు సాధనకు పనికొచ్చే చలి అంతకు మించి ఉండదు, మొత్తం పదమూడు వారాలు. మంచు దేశాల్లో స్లెడ్డు (చక్రాల్లేని మంచు బండి) లాగే కుక్కలు చేసే పనినే ఇక్కడ మట్టి మీద సైకిలుతో చేయిస్తున్నాం. ముందు హార్నెస్ (ఒంటికి తొడిగే లాగుడు పట్టీలు) వేసిన కుక్క, మధ్యలో సాగే తాడు, వెనక తొక్కుతూ మనిషి. చోటు గోదావరి మధ్య డెల్టాలో, అంటే కోనసీమలో, గన్నవరం కాలువ గట్టు, దాని పక్కనే ఉన్న ఒక పుంత.

రోజూ రాసుకున్న ముఖ్యమైన అంకె ఒక్కటే: పరుగు ఆగిన పది నిమిషాలకు కుక్క ఒంటి వేడి ఎంతకు దిగింది అని. వేగం, దూరం ఆ తరవాతే. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పట్టదు. వగరుస్తూ నాలుక మీద, ఊపిరి దారిలో తడి ఆరితేనే చల్లబడుతుంది. గాలి నిండా తేమ ఉంటే ఆ తడి ఆరదు. మన తెల్లవారుజాములు చల్లగా ఉంటాయి గానీ తడిసి ముద్దగా ఉంటాయి. ఇక్కడ చిక్కంతా అదే.

పరుగు కుక్కలను పెంచేవాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రతకు తేమ శాతం కలపాలి. 150 దాటితే గట్టి పని చేయించకూడదు. 20 డిగ్రీల సెల్సియస్ అంటే 68 ఫారెన్‌హీట్. పొగమంచు పట్టిన రోజు తేమ 95. కలిపితే 163. ఉత్తరపు గాలి తిరిగిన రోజు 17 డిగ్రీలు, అంటే సుమారు 63, తేమ 75. కలిపితే 138. ఒంటికి రెండు రోజులూ ఒకేలా చలేస్తుంది, కుక్కకు మాత్రం రెండూ ఒకటి కావు. ఎనిమిది దాటాక తేమ తగ్గి మొత్తం 148కి దిగిందని పరుగు పెట్టకూడదు, ఈ లెక్కలో ఎండ లేదు. సాయంత్రాలు మొత్తంగా వదిలేశాం, నేల వేడి రాత్రి దాకా పోదు.

కుక్కలు మూడు. చుక్క అనేది జోనంగి ఆడకుక్క, మూడేళ్లు, 17 కిలోలు. గోధుమ అనేది ఊరకుక్క, మగది, నాలుగేళ్లు, 21 కిలోలు. నల్లోడికి పద్నాలుగు నెలలే. ఎముకల చివరలు గట్టిపడేదాకా, అంటే ఏడాదిన్నర నిండేదాకా, బరువు లాగించకూడదు కాబట్టి వాడికి ఈ ఏడు మాటలు నేర్పడం వరకే. జోనంగి మన కోస్తా జాతి. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల వెంట తిరిగిన కుక్క. పొట్టి నున్నటి వెంట్రుక, సన్నటి ఒళ్లు, మొరుగు కంటే రాగం తీసే గొంతు. ఈ వాతావరణానికి అంతకంటే సరిపోయిన ఒళ్లు లేదు. హస్కీని ఈ పనికి తేవద్దని ఎవరడిగినా గట్టిగానే చెబుతాం. దాని రెండు పొరల బొచ్చు సున్నా కింద చలికి పుట్టింది. అలాస్కాలో కూడా పందెపు కుక్కల్లో ఎక్కువ భాగం కాగితాలున్న జాతికుక్కలు కావు, పనిని బట్టి తరాలుగా ఎంచుకున్న కలగలుపు కుక్కలు. 1973 నుంచి నోమ్ ఊరి దాకా జరుగుతున్న ఐడిటరాడ్ పందెంలో దాదాపు 1,600 కి.మీ. లాగేది అవే. వాటి వేళలు, మేతలు తెచ్చి ఇక్కడ పెడితే చెడుతుంది. అక్కడ గడ్డకట్టే చలి అనుకూలం, ఇక్కడ అసలు ఆ చలే రాదు.

నవంబరు చివరి రెండు వారాలు: సామాను

మొదటి హార్నెస్ మంచానికి అల్లే నూలు నవారుతో కుట్టించాం, అది తప్పు. నూలు తడిసి ఉబ్బింది, ఒండ్రు పట్టి ఆరేసరికి అట్ట కట్టింది, మూడో రోజుకు చుక్క చంకల్లో తోలు లేచింది. రెండోసారి స్కూలు బ్యాగులు కుట్టే చోట 25 మి.మీ. నైలాన్ పట్టీతో చేయించాం. కుక్కకు మూడున్నర మీటర్లు పడుతుంది. రొమ్ము దగ్గర, చంకల పక్కన 5 మి.మీ. ఫోమ్ వేసి పైన మెత్తటి గుడ్డ. అతుకు ప్రతిచోటా చతురస్రం కుట్టి లోపల అడ్డంగా రెండు గీతలు. మెడ మొదలు చుట్టూ, రొమ్ము ఎముక నుంచి చివరి పక్కటెముక దాకా కొలత తీసుకోవాలి. మెడ పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే వదులు. వదులైతే లాగేటప్పుడు పట్టీ గొంతు మీదికి జారుతుంది, ఊపిరికి అడ్డం పడుతుంది. కుక్క నడక మందగించి ‘దీనికి లాగడం ఇష్టం లేదు’ అనిపిస్తుంది. ఇష్టం లేకపోవడం కాదు, గొంతు నొక్కుకుంటోంది.

తాడు 8 మి.మీ. అల్లిక పాలీప్రొపిలీన్, రెండున్నర మీటర్లు. మధ్యలో 60 సెం.మీ. పాత సైకిలు ట్యూబు కుదుపు పీల్చుకోవడానికి. ట్యూబు పక్కనే తాడు తెగకుండా వదులుగా నడవాలి; రబ్బరు తెగితే కుక్క తాడు మీద నిలవాలి, రోడ్డు మీదికి పోకూడదు. హుక్కులు ఇత్తడివి, తిరిగే మెడ ఉన్నవి. ఇనుప హుక్కు ఉప్పుగాలికి నెలలో బిగుసుకుపోయింది. తాడును హ్యాండిలుకు కట్టకూడదు, కుక్క పక్కకు లాగగానే చక్రం తిరిగిపోతుంది. హ్యాండిలు కింద ఫ్రేము ముందు గొట్టానికి కట్టి, ముందు టైరు మీదుగా 45 సెం.మీ. చాచిన పీవీసీ పైపులోంచి పోనిచ్చాం, తాడు వదులైనప్పుడు చక్రంలో పడకుండా. ఉత్త పైపు ఎండకు వంగిపోతే లోపల వెదురు బద్ద దూర్చాం. బ్రేకు కట్టలు రెండు వారాలకోసారి మార్చాలి. తడి ఒండ్రు రిమ్ము మీద సాన రాయిలా పనిచేస్తుంది.

డిసెంబరు మొదటి సగం: మట్ట, టైరు, మాటలు

మొదట లాగించే వస్తువు ఇక్కడ పెరట్లోనే దొరుకుతుంది: ఎండిన కొబ్బరి మట్ట. బరువు తక్కువ, చప్పుడు ఎక్కువ. వెనక ఏదో గీసుకుంటూ వస్తోందన్న భయం పోవడానికి అంతకంటే మంచిది లేదు. రోజుకు పది నిమిషాలు, నడకలోనే, ఒకరు పక్కన నడుస్తూ. బెదిరితే మట్టను చేత్తో పట్టుకుని కుక్క వెనకే మోస్తూ నడిచి, మెల్లగా నేలకు దించాలి. చుక్కకు రెండు రోజులు, గోధుమకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తరవాత పాత సైకిలు టైరు, చివరికి మూడు కిలోల మోటారు సైకిలు టైరు, 400 మీటర్లు, వారానికి మూడు సార్లు మాత్రమే. కండ పెరిగేది మధ్య రోజుల విశ్రాంతిలో.

మాటల దగ్గర ఒక పొరపాటు జరిగింది. అలాస్కాలో కుడికి ‘జీ’, ఎడమకు ‘హా’ అంటారు. ఇక్కడ ఎడ్ల భాష ఉండగా అవెందుకని ఎడమకు దాపల, కుడికి వలపల అని మొదలుపెట్టాం. పది రోజులైనా కుదరలేదు. రెండు మాటలూ ‘పల’తోనే ముగుస్తాయి, దూరం నుంచి తేడా తెలియదు. పైగా ‘దా’ అనగానే కుక్క వెనక్కి తిరిగి మన దగ్గరికి వచ్చేస్తుంది, పుట్టినప్పటి నుంచి ‘దా దా’ అని పిలిచింది మనమే కదా. చివరికి ‘కుడి’ అని కొట్టినట్టు పొట్టిగా, ‘ఎడమా’ అని సాగదీసి. వారంలో పట్టుకున్నాయి. బయలుదేరడానికి ‘పద’, ఆగడానికి ‘ఓహో’, దేన్నయినా పట్టించుకోకుండా దాటడానికి ‘వదిలెయ్’. మాట మలుపుకు పది మీటర్ల ముందే పడాలి, మలుపులో చెబితే ఆలస్యం.

‘వదిలెయ్’ అన్నిటికంటే కష్టమైంది, ముఖ్యంగా చుక్కకు. సార్వా కోతలయ్యాక కొయ్యకాళ్ల చేలల్లో బాతుల మందలు దిగుతాయి. బాతుల వెంట తిరిగిన జాతికి వాటిని చూసి పక్కకు తిరగకుండా ఉండటం రక్తంలో లేదు. మందకు వంద మీటర్ల దూరంలో నిలబెట్టి, బాతుల నుంచి చూపు తిప్పుకున్న ప్రతిసారీ ఉడికించిన కోడి కార్జం ముక్క పెట్టాం. రెండు రోజులకోసారి పది మీటర్లు దగ్గరకు. ఇరవై మీటర్ల దగ్గర ఆగిపోయింది. ఈ సీజనుకు అంతే చాలనుకుని, మంద ఉన్న వైపు పుంతలోకి పోవడం మానేశాం.

డిసెంబరు రెండో సగం నుంచి భోగి దాకా: పరుగు

పరుగుకు రెండు గంటల ముందు, అంటే నాలుగింటికి, నీళ్లు తాగించాలి. ఉత్త నీళ్లు ఆ వేళ ముట్టవు. కోడి ఉడికించిన నీళ్లు రెండు చెంచాలు కలిపి 250 మి.లీ. పోస్తే గిన్నె నాకేస్తాయి. తిండి మాత్రం పరుగు తరవాత వగర్పు పూర్తిగా తగ్గాక, కనీసం గంట ఆగి. నిండు కడుపుతో పరిగెడితే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది.

రోజు వరస ఇది: పది నిమిషాల నడక, మల విసర్జన, 500 మీటర్లు దుడుకు నడక, అసలు పరుగు, మళ్లీ పది నిమిషాల నడక. వేడి, తేమ కలిపిన మొత్తం 150 లోపు ఉంటే పరుగు 2 కి.మీ.; 150 నుంచి 160 మధ్య 800 మీటర్లు, మధ్యలో రేవులో దింపి తడిపి మళ్లీ 800; 160 దాటితే నడక మాత్రమే. డిసెంబరులో 2 కి.మీ. రోజులు ఆరే వచ్చాయి, అన్నీ ఉత్తరపు గాలి రోజులే.

ఒంటి వేడి కొలిచేది మామూలు డిజిటల్ థర్మామీటరుతోనే, వాజలీన్ రాసి ఆసనంలో. విశ్రాంతిలో 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మామూలు. పరిగెత్తిన కుక్కకు 40 దాటడం వింత కాదు; దిగడమే ముఖ్యం. పది నిమిషాలకు 39.7 పైనే ఉంటే మరుసటి పరుగు సగానికి తగ్గించడం మా నియమం. గోధుమ మొదటి 2 కి.మీ. రోజున ఆగగానే 40.6, పది నిమిషాలకు 40.1. మూడు వారాల తరవాత అదే దూరానికి, అదే 17 డిగ్రీల చలిలో, ఆగగానే 40.4, పది నిమిషాలకు 39.4. సమయం 6 నిమిషాల 40 సెకన్ల నుంచి 5:55కు దిగింది. సంతోషపెట్టిన అంకె మాత్రం ఒంటి వేడిదే.

లాగే కుక్క తనంతట తాను ఆగదు. అందుకే సైకిలు మీదున్న మనిషి చూపు నాలుక మీద, తాడు మీద ఉండాలి. నాలుక కొస వెడల్పై గరిటెలా మారినా, చొంగ చిక్కబడ్డా, ఎప్పుడూ బిగువుగా ఉండే తాడు వదులైనా ఆ క్షణమే ఆపాలి. చిగుళ్లు ఇటుక రంగుకు వచ్చి వెనక కాళ్లు తూలితే వడదెబ్బ కింద లెక్క. మెడ దాకా కాలువ నీళ్లలో దింపి తల పైకి పట్టుకోవాలి, లేదా బకెట్లతో ఆపకుండా పోస్తూ విసరాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. 39.5కు దిగగానే ఆపి పశువుల డాక్టరు దగ్గరికి. లేచి తిరుగుతోందని ఇంట్లో ఉంచుకోకూడదు, లోపలి అవయవాల దెబ్బ తరవాత బయటపడుతుంది. దాళ్వా (రెండో పంట) నీళ్లతో కాలువ నిండుగా ఉండటం ఈ సీజనుకు దొరికిన పెద్ద వరం. అందుకే పరుగు దారిని రేవు నుంచి రేవుకు కొలిచి పెట్టుకున్నాం, ఎక్కడ ఆగినా 400 మీటర్లలో మెట్లుంటాయి. రొయ్యల చెరువుల మురుగు కాలువలో మాత్రం దింపొద్దు, తాగనివ్వొద్దు.

నేల గురించి. గ్రావెల్ వేసిన గట్టు అరికాళ్లను అరగదీస్తుంది, పక్కనున్న గడ్డి చాలు మేలు. వాన పడ్డ నల్లమట్టి వేళ్ల మధ్య ముద్ద కట్టి ఆరి కోస్తుంది. కొయ్యకాళ్లు గుచ్చుకుంటాయి. లంకల ఇసుకలో, సముద్రం ఒడ్డున పల్లేరు కాయలు. అంతర్వేది వైపు అల తడిపిన గట్టి ఇసుక చూడటానికి బాగుంటుంది, నాలుగడుగులు పైకి పోతే మెత్తటి ఇసుకలో మణికట్టు నరాలు పట్టేస్తాయి. రెక్సిన్‌తో కుట్టిన కాలితొడుగులు లోపల ఇసుక చేరి ఇంకా కోశాయి, తీసేశాం. తలకు కట్టే లైటు లేకుండా చీకట్లో గట్టెక్కొద్దు, కోతల తరవాత రక్తపింజరలు ఎలకల కోసం గట్ల మీదే ఉంటాయి. ఆ ఎలకల వల్లే లెప్టోస్పైరోసిస్ టీకా ఏటా తప్పనిసరి. పరుగయ్యాక చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదుల కోసం వెతకాలి, టిక్ జ్వరం వచ్చిన కుక్క మొదట బయటపెట్టే గుర్తు లాగుడులో నీరసమే.

గోధుమకు రోజు తిండి: బియ్యం 120 గ్రాములు వండి, తోలుతో ఎముక తీసిన కోడి 300 గ్రాములు, ఒక గుడ్డు, కార్జం 30 గ్రాములు, గుమ్మడి గుప్పెడు, గుడ్డు పెంకు పొడి అర చెంచా. సుమారు 1,150 కేలరీలు. విశ్రాంతి రోజు బియ్యం మూడో వంతు తగ్గుతుంది. స్లెడ్డు కుక్కలకు పెట్టినంత కొవ్వు ఈ దూరాలకు అక్కర్లేదు, ఒక్కసారిగా పెంచితే విరేచనాలే.

భోగి నుంచి ఫిబ్రవరి దాకా

పండగ వారం పూర్తి విశ్రాంతి. భోగి మంటల పొగ, టపాకాయలు, గట్టు మీద జనం. ఆ తరవాత నాలుగు జట్లతో 2 కి.మీ. సమయ పరీక్ష పెట్టాం. మంచు పందేల్లోలా రెండు నిమిషాల తేడాతో ఒక్కో జట్టు, పక్కపక్కన పరుగు లేదు, డబ్బు పందెం లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షను ప్రకారం శక్తికి మించి తోలడం, బరువు మోపడం నేరమే. కాబట్టి మొదలుకు ముందు, పది నిమిషాల తరవాత వేడి కొలత అందరికీ తప్పనిసరి; 39.7 దాటితే ఆ సమయం లెక్కలోకి రాదు. చుక్క 5:48, పది నిమిషాలకు 39.2. గోధుమ 5:51, 39.5. అందరికంటే ముందు 5:30కి వచ్చిన కుక్కకు 40.0 ఉంది, దాని సమయం కొట్టేశాం.

ఫిబ్రవరి రెండో వారం వరసగా నాలుగు రోజులు ఉదయం ఆరింటికే 160 దాటింది. ఆపేశాం. హార్నెస్‌లు మంచినీళ్లలో నానబెట్టి నీడన ఆరేశాం, ట్యూబు ముక్కలు పారేశాం. వేసవిలో రబ్బరు బంక కడుతుంది, కొత్తవి కార్తీకంలోనే కోయాలి. నల్లోడికి మార్చి చివరికి ఏడాదిన్నర నిండుతుంది. వాడి మెడ కొలత అప్పుడు మళ్లీ తీసుకోవాలి.